గడప బయటి బొమ్మ

బొమ్మలు కొనే పిచ్చి నాకెలా పట్టిందో చెప్పలేను గానీ, కొనేటప్పుడు మాత్రం నాకొక పద్ధతుంది. ప్రదర్శనలో ఒక బొమ్మ నచ్చితే వెంటనే అడగను. బయటికి వెళ్ళి టీ తాగుతాను. తాగినంతసేపూ అది కళ్ళముందే ఉంటే మళ్ళీ లోపలికి వెళతాను, లేదంటే బస్సెక్కి నరసరావుపేట వచ్చేస్తాను. పేరున్న చిత్రకారులెవరు, రేపు ఏ బొమ్మకు గిరాకీ వస్తుంది అన్న లెక్కలు నాకు రావు. నేను బతుకుతున్న కాలంలో బతుకుతూ గీస్తున్నవాళ్ళయితే చాలు.

ఇలా పోగైన బొమ్మల మీద మా ఇంట్లో ఎవరికీ సదభిప్రాయం లేదు. నాపరాళ్ళ క్వారీని ఒట్టి బూడిదరంగు పలకలుగా వేసిన బొమ్మను చూసి మా ఆయన, "పూర్తిచేశాక తెచ్చుకోకపోయావా?" అన్నారు. ఆయనకు తెలిసిన కళ ఫ్లెక్సీ. అందులో నాయకుడు నిలువెత్తున ఉండాలి, మూలన తను చిన్నగా నవ్వుతూ ఉండాలి. మా అత్తయ్య మరీ నిక్కచ్చి. బెల్లంకొండ పక్క పల్లెలో పుట్టిన మనిషి, మాట కడుపులో దాచుకోదు. "ఏందే ఇది, గోడ పెచ్చులూడినట్టుండది" అనేసి తన పనిలో పడేది. అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వరు కాబట్టి నా బొమ్మలన్నీ పాత చీరలు చుట్టుకుని మంచం కింద కాపురం చేశాయి.

అందుకే వినుకొండ రోడ్డు పక్కన సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు నేను అడిగింది ఒక్కటే. ముందుగదిలో గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ నాది. ఆ గోడకు తగిన బొమ్మ హైదరాబాదులో దొరికింది. గోనెపట్టా మీద ఒక ఆడమనిషి మొహం, అంతే. ఇటుకరంగు చర్మం, గుడ్లురిమి చూసే కళ్ళు, ఎవరినో కేకెయ్యబోతున్నట్టు సగం తెరిచిన నోరు. బయటికెళ్ళి టీ చేతిలోకి తీసుకున్నదాన్ని, తాగకుండానే వెనక్కి వచ్చాను. ప్రదర్శన అయిపోయాక నేరుగా కొత్త ఇంటికే పార్సిల్ వేస్తానని బొమ్మ వేసిన అమ్మాయి చెప్పింది.

ఇల్లు లేస్తున్నప్పటి నుంచీ అత్తయ్య నాకు ఒక పని చెబుతూనే ఉంది. "ఏమే, బజారుకెళ్ళినప్పుడు దిష్టి బొమ్మ ఒకటి తేవే. దారిన పోయే ప్రతోడి కళ్ళూ మన శ్లాబు మీదే ఉన్నయ్." రోజూ సరేననేదాన్ని, రోజూ మరిచిపోయేదాన్ని.

ఒక సాయంత్రం నేను పాఠాలు చెప్పే బడి నుంచి అటే వెళితే రోడ్డు మీదికే కనిపించింది నా బొమ్మ. పిట్టగోడకు, బూడిదగుమ్మడికాయకూ పాత చెప్పుకూ మధ్యన, ఇనుప తీగతో కట్టి ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేస్త్రీ మీద అరిచాను. "పెద్దమ్మగారు కట్టమన్నారమ్మా, నాదేముంది?" అంటూ అతను తాపీ కడుక్కోవడంలో పడ్డాడు.

ఇసుక కుప్ప పక్కన కుర్చీలో అత్తయ్య వెలిగిపోతూ కూర్చుని ఉంది. "ఎంత చెప్పినా చెవినేసుకోవనుకున్నా. పార్సిల్ ఇప్పి చూస్తే, తెప్పించావు గదే, చానా బాగుండది! బజారులో దొరికే రాక్షసుడి మొహానికి ఎవరు భయపడతారు? ఇది కళ్ళతోనే నిలేస్తంది. బండ్లాపి మరీ చూస్తన్నారు. మా కోడలు ఏరి తెచ్చిందని అందరికీ చెప్పా."

కోపం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నేను ఏరిన బొమ్మను మా ఇంట్లో ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. అదీ, ఏ కళ్ళు చూసి నేను టీ వదిలేశానో ఆ కళ్ళనే.

"అది దిష్టి బొమ్మ కాదత్తయ్యా. లోపల గోడకు తెచ్చుకున్నాను."

ఆమె మొహం వాడిపోయింది. "అయ్యో, ఇప్పుడెట్టానే? దిష్టికి కట్టింది లోపలికి తేగూడదు. ఊరి కళ్ళన్నీ దాని మీద పడ్డయ్. అది గడప దాటితే ఆ దిష్టంతా ఇంట్లోకి మోసుకొచ్చినట్టే."

మంగళవారం గోరు కూడా తీయనివ్వని మనిషి. ఆ మాటకు తిరుగులేదని నాకు తెలుసు. అప్పుడే వచ్చిన మా ఆయన, "పైనే ఉండనీ. ఫ్లెక్సీ లాగా ఊరంతా చూస్తారు" అని రాజీ చెయ్యబోయారు. ఒక్క వాన పడితే ఆ రంగులేం కాను? నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

మేస్త్రీ బొమ్మను దించి గుమ్మం బయట ఇటుకల మీద ఆనించాడు. అత్తయ్య వచ్చి నా పక్కన నిలబడింది. "అంత ఏడవడానికి ఏముందే దీంట్లో?"

"మీరే ఉన్నారు. కల్లంలో మిరపకాయలు ఆరబోసినప్పుడు మబ్బుపడితే, పట్టాలు తెమ్మని కేకేస్తారు చూడండి, ఆ మొహం ఇది. అందుకే కొన్నాను."

ఆమె బొమ్మను చూసింది. పిట్టగోడ మీది చెప్పును చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది. "అయితే ఆ చెప్పు పక్కన నన్ను నేనే కట్టించుకున్నానా?" అని గొణిగింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు.

తర్వాత పక్కింటికి వెళ్ళి గుప్పెట నిండా ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చింది. దిష్టికి కట్టిన బొమ్మకే దిష్టి తీసింది. "ఊరి దిష్టి, రోడ్డు దిష్టి, బండ్లోళ్ళ దిష్టి, నా దిష్టి" అంటూ ఆ మొహం చుట్టూ గుప్పెట తిప్పి, కూలీలు టీ కాచుకున్న పొయ్యిలో వేసింది. "చూశావా, ఘాటే రాలా. ఎంత దిష్టి తగిలిందో పిచ్చిదానికి!" అంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు కారేలా దగ్గుతున్నాను.

ఆ దగ్గుతోనే బొమ్మను ఎత్తుకుని గడప దాకా వచ్చాను. "కుడికాలు ముందు పెట్టవే" అంది అత్తయ్య. నేను కాపురానికొచ్చిన రోజు ఇదే గొంతుతో ఇదే మాటంది. ఈసారి నాతో అందో బొమ్మతో అందో నేను అడగలేదు.