మీటరక్క ఎదురుచూపు

గ్యాసు లీకైతే కూతపెట్టే పెట్టెలు, కాగితంలో, పాలపొడిలో తేమ ఎంతుందో చెప్పే మీటర్లు తయారుచేసే ఆవిడని వీధంతా మీటరక్క అనే పిలిచేది. బోర్డు మీద అసలు పేరుంది గానీ దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ పెట్టెల షెడ్డు మొదలుపెట్టింది ఆవిడా, చెల్లెలూ కలిసి. అక్క ఆర్డర్లు పట్టుకొచ్చేది. చెల్లెలు ప్రతి పెట్టెకీ సిలిండరులోంచి గ్యాసు పట్టి, ముల్లు సరైన అంకె దగ్గర నిలిస్తేనే వదిలిపెట్టేది.

ఒకసారి నలభై పెట్టెలు పంపాల్సిన రోజున చెల్లెలు అడ్డం తిరిగింది.

"చెమ్మగాలి తగిలితే గ్యాసు తక్కువ చూపిస్తున్నాయక్కా. మూడు రోజులు ఆగుదాం."

"నీ అనుమానాలతో నా ప్రాణం తోడేస్తున్నావే! బయట లారీ నిలబడుంది."

లారీ పెట్టెలతో వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా ఒక రంగుల ఫ్యాక్టరీలో తొట్టి కడగడానికి దిగిన మనిషి, పెట్టె కూయకపోవడంతో లోపలే సొమ్మసిల్లాడు. పైకి లాగారు, బతికాడు. అక్క ఆసుపత్రికి పరిగెత్తి తప్పు తనదేనని ఒప్పుకుంది, నలభైనీ వెనక్కి తెప్పించింది. చెల్లెలు కళ్ళజోడు తీసుకుని, షెడ్డు వదిలి వెళ్ళిపోయింది.

పదకొండేళ్ళు గడిచాయి. షెడ్డులో ఇప్పుడు చెమ్మగది ఉంది, ప్రతి పెట్టే అందులో మూడు రోజులు మగ్గాల్సిందే. పరీక్ష బల్ల దగ్గర రెండో స్టూలు మీద ఎవరైనా కూర్చోబోతే మీటరక్క "అక్కడొద్దు" అనేది. ఎందుకో చెప్పేది కాదు. అప్పుడప్పుడూ చెల్లెలికి ఫోను చేసేది, రెండో రింగుకే పెట్టేసేది.

మొన్న పాలపొడి ఫ్యాక్టరీ మేనేజరు పాతిక మీటర్లు కావాలని వచ్చాడు.

"మా పరీక్షల మేడమ్ మీ దగ్గరే కొనమన్నారండీ. మీ చెల్లెలుగారట కదా?"

ఆయన గుమ్మం దాటగానే మీటరక్క ఫోను తీసింది. ఈసారి పెట్టెయ్యలేదు.

"చిన్నీ, మా దగ్గరే కొనమన్నావట?"

"మీటర్లు బాగున్నాయని చెప్పాను. నువ్వు బాగున్నావని చెప్పలేదు." అంది చెల్లెలు. "గొంతేంటి అలా ఉంది? దగ్గుకి మందేసుకుంటున్నావా?"

"ఆదివారం రానా?"

"వద్దక్కా. ఇప్పుడే వద్దు. రావాలనిపిస్తే నేనే చెప్తాను."

ఆ పాతిక మీటర్లనీ మీటరక్క తన చేత్తోనే బిగించింది. ఫోను సౌండు పూర్తిగా పెంచి పక్కనే పెట్టుకుంది. మూడు ఆదివారాలు వెళ్ళాయి. కబురింకా రాలేదు.