రోజుకు పది నిమిషాల భయం

వెర్నా మెకైజాక్ భయపడడానికి కూడా, గుడ్లు ఉడకబెట్టడానికి పెట్టినట్టే, టైమరు పెట్టుకునేది. సంచిలో కోడిపెట్ట ఆకారంలో ఉన్న ఆ టైమరు లేకుండా గ్లేస్ బే ఊళ్లో ఆమెను చూసినవాళ్లు లేరు. రొమ్ము క్యాన్సర్ తగ్గి మూడేళ్లయింది. మళ్లీ వస్తుందేమోనన్న దిగులుకు పొద్దున టీ తాగాక పది నిమిషాలు. పెట్ట మోగిందంటే దిగులు బందు, గిన్నెలు తోమడం మొదలు.

ఆసుపత్రిలో నర్సు కొలీన్‌ది ఇంకో కొలత. చెకప్‌కి వచ్చిన ప్రతివాళ్లకీ ఒక కాగితం ఇస్తుంది. జబ్బు తిరగబెడుతుందని ఎంత భయం, సున్నా నుంచి ముప్పై ఆరు దాకా. ఎక్కువ వస్తే కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. ఉన్నది ఒక్క కౌన్సెలర్, వరసలో నాలుగు నెలలు ఆగాలి. భయాన్ని కొలవడమే కానీ తీసేయడం చేతకాని ఆ ఉద్యోగం మీద కొలీన్‌కు ఎప్పుడో ఆశ చచ్చిపోయింది.

మే నెలలో వెర్నాకు ముప్పై ఒకటి వచ్చింది.

"పోయినసారి నాలుగేగా వెర్నా గారూ, ఏమైంది?"

"నాది ఇప్పటికీ నాలుగే అమ్మాయ్. మిగతావి మీ పేషెంట్లవే. ఎర్ల్ లేడూ, చేపల పడవ మీద దిగులుపడుతుంటే చెయ్యి తాడులో చిక్కుకునేట్టుందన్నాడు. వాడి వంతు నేను పడుతున్నా. పాలీన్‌దీ నేనే. చంటిపిల్లతో దానికి తీరికెక్కడిది?"

"ఒకరి భయం ఇంకొకరు ఎలా పడతారండీ?"

"శ్రద్ధగా."

"ఇందులో మీ భయమే రాయాలి."

"ఆ మాట ఎక్కడుందో చూపించు."

కొలీన్ కాగితం అటూ ఇటూ తిప్పింది. ఎక్కడా లేదు. ఎర్ల్ కాగితం తీసి చూస్తే ఇరవై రెండు కాస్తా తొమ్మిదికి దిగింది.

జూన్‌లో వెర్నా స్కాన్ రిపోర్టు వచ్చింది. జబ్బు తిరగబెట్టి ఎముకల్లోకి దిగింది. డాక్టరు చెప్పి వెళ్లాక కూడా ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఒళ్లో టైమరు మోగింది. మళ్లీ తిప్పింది. మళ్లీ మోగింది.

"పది చాలడం లేదమ్మాయ్," అంది.

కొలీన్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

మరుసటి వారం అందరి అంకెలూ ఎగబాకాయి. ఎర్ల్‌కి ముప్పై, పాలీన్‌కి ఇరవై ఎనిమిది. కొలీన్ హడలిపోయి ఎర్ల్‌ను పిలిచింది.

"నీకేమైంది?"

"నాకేం కాలేదు. అవి వెర్నా పిన్నివి. తలా కాస్త పంచుకున్నాం. నాది పొద్దున ఐదింటికి."

"పడవ మీదా? మరి నీ చెయ్యి?"

"ఒడ్డున కూర్చుని దిగులుపడ్డాకే పడవ ఎక్కుతున్నా."

కొలీన్ కాగితాలు పక్కన పెట్టింది. "మధ్యాహ్నం ఎవరు?" అని అడిగింది.

"పన్నెండున్నర ఖాళీ."

"అది నాకు వదిలెయ్."

జబ్బు తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ జూలైలో వెర్నా కాగితంలో ఆరు వచ్చింది.

"ఆరేనా?" అంది కొలీన్.

"ఏం చెయ్యను, మీరంతా కలిసి నాకు మిగిల్చింది అంతే," అని విసుక్కుంది వెర్నా.

"మరి కోడిపెట్ట?"

"గుడ్లు ఉడకబెడుతోంది."