చిట్టిబాబు గారి సలహా

ఢిల్లీ మయూర్ విహార్‌లోని ఆ సొసైటీలో తెలుగువాళ్ళెవరు ఫోను కొనాలన్నా, టీవీ కొనాలన్నా, చివరికి మిక్సీ కొనాలన్నా ముందు చిట్టిబాబుని అడగాల్సిందే. అడక్కపోతే ఆయనకేం కోపం రాదు. కొన్నాక వచ్చి, ఆ వస్తువుని అటూ ఇటూ తిప్పి చూసి, "అయ్యో, నన్నొక్క మాట అడిగుంటేనా!" అంటాడు. ఆ మాట పడటం కంటే ముందే అడిగెయ్యడం సుఖం.

సామర్లకోట దగ్గర పుట్టి, మీసాలు సరిగ్గా రాకముందే వాయుసేనలో చేరి, రాడార్ల దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసి, సార్జెంటుగా పింఛను పుచ్చుకుని బయటికొచ్చిన మనిషి. ఇప్పుడు గురుగ్రామ్‌లో ఒక కంపెనీలో ఉద్యోగులకి కంప్యూటర్లు కొనడం, పంచడం, పాడైతే వెనక్కి తీసుకోవడం చూస్తాడు. యంత్రాల సంగతి ఆయనకి బాగా తెలుసు, కాదనలేం. కాకపోతే తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "నాలుగో కాలు చేతికిచ్చినా తోకేమో అంటారు మా ఆయన" అని భార్య సుభద్ర నవ్వేస్తుంది. పరోపకారి మాత్రం నిజం. ఎవరింట్లో ఏ యంత్రం పాడైనా ఆదివారం పూట టీ కూడా తాగకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళిపోతాడు. చెడ్డవాళ్ళ సలహాతో చెడిపోయినవాళ్ళు లోకంలో తక్కువే. ఇలాంటి మంచివాళ్ళ సలహాతోనే ఎక్కువమంది చిక్కుల్లో పడతారు.

ఎదురు ఫ్లాట్‌లో ఉంటుంది రేవతి. భర్త విష్ణు రాజస్థాన్‌లో సోలార్ ప్లాంటులో ఇంజనీరు, నెలకి రెండుసార్లు ఇంటికొస్తాడు. అత్తగారు హనుమాయమ్మకి కిడ్నీలు పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్. విష్ణు జీతం అద్దెకీ అప్పులకీ సరిపోతే, మందులకి రేవతి పనే ఆధారం. ఆన్‌లైన్ పాఠాల కంపెనీ ఒకటి వీడియోలు పంపిస్తుంది, వాటికి తెలుగు సబ్‌టైటిల్స్ టైపు చేసి పంపాలి. చెప్పిన వేళకి పంపితే మళ్ళీ పనిస్తారు, లేకపోతే ఇంకొకరికిస్తారు. అంతే, ఉద్యోగమని చెప్పుకోవడానికి లేదు.

అత్తగారు లోపల మిషను మీద ఉన్న నాలుగు గంటలూ రేవతి బయట హాల్లో ఇనప కుర్చీలో కూర్చుని, తేలికపాటి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని టకటకా కొట్టేసేది. ఆ లాప్‌టాప్ ముసలిదైపోయింది. అలాంటిదే ఇంకొకటి కొనుక్కుందామని చిట్టిబాబుని అడిగింది.

"లాప్‌టాప్ ఎందుకమ్మా ఇంకా!" అన్నాడాయన. "ఆస్పత్రికి మోసుకెళ్ళేదానివి. కీబోర్డు తగిలించుకునే టాబ్లెట్లు వచ్చాయి, అది కొను. తగిలిస్తే కంప్యూటరు, ఊడదీస్తే పలక. వెనకాల స్టాండు తెరిచామంటే తనే నిలబడుతుంది. సగం బరువు కూడా ఉండదు. లాప్‌టాప్‌ల పని అయిపోయిందమ్మా, నా మాట విను. ఆఫీసులో ఏడాదిగా నేను వాడేది అదే."

అందులో అబద్ధం ఏమీ లేదు. ఆఫీసులో ఆయన ముందు నున్నటి పెద్ద బల్ల ఉంది, దాని మీద ఆ టాబ్లెట్ దివ్యంగా పనిచేస్తుంది. నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ల బజారుకి తనే స్వయంగా తీసుకెళ్ళి, బేరమాడి, పాతదాన్ని ఎక్స్‌ఛేంజిలో ఇప్పించేసి కొత్తది కొనిపెట్టాడు.

ఆ తర్వాత లిఫ్టులో కనిపించినప్పుడల్లా "ఎలా ఉందమ్మా?" అని అడిగేవాడు. "బాగుంది అంకుల్, చాలా తేలిగ్గా ఉంది" అనేది రేవతి. ఆ మాటని ఆయన భద్రంగా పట్టుకెళ్ళి పదిమందికీ పంచేవాడు. "లాప్‌టాప్‌ల కాలం చెల్లిపోయింది. కావాలంటే మా రేవతిని అడగండి" అని చెప్పి ఇంకో ఇద్దరిచేత కొనిపించాడు కూడా.

ఒక బుధవారం ఆయనకి ఇంటినుంచే పని. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం కిందకి దిగేసరికి గేటు దగ్గర అత్తాకోడళ్ళు ఆటో కోసం నిలబడి ఉన్నారు. హనుమాయమ్మ మొహం ఉబ్బి ఉంది, నాలుగడుగులకే ఆయాసపడుతోంది.

"ఆటో ఏంటి పిన్నిగారూ, నేను లేనూ!" అని పాలు వాచ్‌మన్ చేతికిచ్చి కారు తీశాడు.

ఆస్పత్రిలో హనుమాయమ్మని లోపలికి పంపించి, కారు పెట్టడానికి చోటు దొరక్క నాలుగు చుట్లు తిరిగి హాల్లోకి వచ్చాడు. రేవతి ఎక్కడా కనిపించలేదు. కుర్చీల వరసలన్నీ వెతికాక చిట్టచివరి గోడ దగ్గర కనిపించింది. కుర్చీలో లేదు. కుర్చీ మీద టాబ్లెట్ పెట్టి, కింద గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని టైపు చేస్తోంది. వచ్చేపోయేవాళ్ళ చెప్పులు ఆమె చున్నీ అంచు తొక్కుతున్నాయి.

అంతలో ఒక పంజాబీ ఆయన ముసలి తండ్రిని నడిపించుకుంటూ వచ్చాడు. "దీదీ, కుర్సీ ఖాళీ కర్ దో, పితాజీ బైఠేంగే" అని, తండ్రి కూర్చుంటాడు కుర్చీ ఖాళీ చెయ్యమన్నాడు. రేవతి గబుక్కున లేచి టాబ్లెట్ తీసేసింది. పక్కనే కుర్చీ అంచు దొరికితే కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. స్టాండు అంచు తొడ మీద జారిపోయింది, తెర వెనక్కి పడింది. మోకాళ్ళు దగ్గరికి చేర్చి మళ్ళీ నిలబెట్టింది. ఈసారి కీబోర్డు మధ్యలో కుంగి, తెర ముందుకి వాలింది. ఎడంచేత్తో దాన్ని పట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్క అక్షరం కొట్టసాగింది. ఆ అమ్మాయి పది వేళ్ళతో టైపు చేస్తుంటే ఒకప్పుడు చిట్టిబాబు నిలబడి చూసేవాడు.

ఆయన స్తంభం పక్కకి తప్పుకున్నాడు. ఎందుకు దాక్కున్నాడో ఆయనకే తెలీదు. గుమ్మడికాయల దొంగ అని ఇంకా ఎవరూ అనలేదు, భుజాలు తడుముకోవడం మాత్రం అప్పుడే మొదలైపోయింది.

రేవతి ఏదో ఇంజెక్షన్ కొనడానికి మందుల షాపుకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే నర్సు తలుపు తెరిచి, "హనుమాయమ్మ తరపున ఎవరు?" అని కేకేసింది. చిట్టిబాబు వెళ్ళాడు. నర్సు ఆయన్నే కొడుకనుకుని హిందీలో దులిపేసింది. రెండు శుక్రవారాలు వరసగా ఎందుకు తీసుకురాలేదని, ఒంట్లో నీరు చేరిపోయిందని, ఊపిరితిత్తుల్లోకి చేరితే ఎవరు బాధ్యులని అడిగింది. ఆవిడకే చెప్పాం, ఆవిడ ఫోనుకే చేశాం, వింటేనా అని తిట్టి, వెళ్ళి మీరైనా చెప్పండని లోపలికి పంపింది.

హనుమాయమ్మ ఆయన్ని చూసి తల పక్కకి తిప్పుకుంది.

"ఏంటి పిన్నిగారూ ఇది? శుక్రవారాలు మానేశారట?"

"మెల్లిగా మాట్లాడు నాయనా. డాక్టరు వారానికి రెండు చాలన్నాడని కోడలికి చెప్పాను. నువ్వు బయటపెట్టకు."

"ఎందుకిలా?"

"ఆ పలక కొన్నకాడ్నించీ పిల్లకి ఇక్కడ పని సాగట్లేదు చిట్టిబాబూ. ఒళ్ళో నిలబడి చావదు. ఇంటికెళ్ళి బల్ల మీద పెట్టుకుని కొట్టేసరికి ఆలస్యమైపోతోంది. వాళ్ళు పని తగ్గించేశారు. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడుస్తుంది, నాకు వినపడదనుకుంటుంది. శుక్రవారమన్నా ఇంటిపట్టున కూర్చుని రాసుకుంటుందని నేనే మానేశాను." ఊపిరి తీసుకుని, "నీతో చెప్పమంటే వద్దంది. పాపం అంకుల్ అంత శ్రమపడి కొనిపెట్టారు, బాధపడతారు అంది" అని ముగించింది.

చిట్టిబాబు బయటికొచ్చాడు. సరిహద్దులో కూడా ఇంత భయం ఎరగడు. తనకి బాధ కలుగుతుందని ఒక పిల్ల నోరు మూసుకుంది. ఆ పిల్ల బాధ చూడలేక ఒక ముసలావిడ ప్రాణం మీదికి తెచ్చుకుంది. మధ్యలో తను లిఫ్టులో నవ్వుతూ "ఎలా ఉందమ్మా?" అని అడుగుతూ తిరిగాడు.

రేవతి ఇంజెక్షన్‌తో వస్తోంది. చెప్పాలి. మనసు మహా తెలివైనది, అప్పుడే ఒక అడ్డదారి చూపించింది. శుక్రవారాల సంగతి ఒక్కటీ చెప్పేస్తే చాలదా? టాబ్లెట్ ఊసెత్తకుండా ఇంకో లాప్‌టాప్ ఏదో సాకుతో ఇచ్చెయ్యొచ్చు కదా? ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఉన్నదున్నట్టు, అత్తగారు అన్న మాటలతో సహా చెప్పేశాడు.

"ఇదంతా నా మాట వల్లే వచ్చిందమ్మా" అన్నాడు చివర్న.

'పర్లేదు అంకుల్' అంటుందని లోలోపల ఆశపడ్డాడు. అలవాటైన మాట కదా. రేవతి అనలేదు.

"కొట్లో నేనడిగాను అంకుల్" అంది. "ఒళ్ళో పెట్టుకుంటే ఆగుతుందా అని అడిగాను. గుర్తుందా?"

గుర్తొచ్చింది. కొట్లో గాజు బల్ల దగ్గర అడిగింది. ఆయన నవ్వి, 'ఎందుకాగదూ, ఇవాళా రేపూ అందరూ ఇవే వాడుతున్నారు' అన్నాడు.

"గుర్తుందమ్మా."

"మీరు ఎప్పుడైనా పెట్టుకుని చూశారా?"

"లేదు."

"మరి ఆగుతుందని ఎందుకన్నారు?" గొంతు పెరిగింది. పక్కవాళ్ళు తిరిగి చూశారు. రేవతి పట్టించుకోలేదు. "వారానికి రెండు చాలని అత్తయ్య అంటే నేనెలా నమ్మానో నాకు తెలుసు అంకుల్. శుక్రవారం పని చేసుకోవచ్చని సంతోషపడ్డాను. ఆవిడ మొహం ఉబ్బుతుంటే చూస్తూ కూడా సంతోషపడ్డాను." చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ పాపంలో ఆమె వాటా కూడా తనదేనని చిట్టిబాబు చెప్పాలనుకున్నాడు. అలాంటి మాటలు చెప్పే అర్హత లేదనిపించి ఊరుకున్నాడు. "సాయంత్రానికి మంచి లాప్‌టాప్ తెస్తాను" అని మాత్రం అన్నాడు.

"అది తర్వాత. ముందు లోపలికెళ్ళి శుక్రవారం రావాలని అత్తయ్యకి చెప్పండి. నేను చెబితే తన కోసం పని మానుకుంటున్నాననుకుంటుంది. మీరంటే ఆవిడకి గురి."

నర్సుని బతిమాలి మళ్ళీ లోపలికెళ్ళాడు. చెప్పాల్సింది ఒక్క మాటే. జీవితంలో ఎన్ని వందల సలహాలిచ్చాడో, ఒక్కదానికీ నోరు ఇలా ఎండిపోలేదు.

"పిన్నిగారూ," అన్నాడు, "రెండు చాలవు. మూడూ చేయించుకోవాలి."

హనుమాయమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఎందుకని అడగలేదు, ఎవరు చెప్పారనీ అడగలేదు.

"నువ్వు చెబితే సరేలే నాయనా" అని కళ్ళు మూసుకుంది.