ఈక్వల్‌టు కింద ఈక్వల్‌టు

విఠల్‌రావుకు ఒక్కటే పిచ్చి. లెక్కలో ఈక్వల్‌టు గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడాలి. ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆయనకు అన్నం సయించదు. ఉప్పుగూడ స్టేషన్ దారిలో లెక్కల పుస్తకాలు టైపు చేసే కొట్టు ఆయనది. కంప్యూటర్ తెర మీద నట్టు కట్టిన దారం ఒకటి వేలాడుతుంటుంది. పనంతా దాని సాక్షిగానే.

ఈ పిచ్చి కొట్టు దాటి కూడా పోయింది. మరదలి పెళ్లిలో బంతికి కూర్చున్న నలభై మందిని లేపి, విస్తళ్లను దారం పట్టి సర్దాడు. వాళ్లు మళ్లీ కూర్చునేసరికి పప్పు చల్లారింది, పెళ్లికొడుకు మేనమామ వేడెక్కాడు. మాదన్నపేట మార్కెట్లో ఆయన కనబడితే చాలు, సొరకాయలమ్మే ఆమె గంప మీద గోనె కప్పేస్తుంది.

ఇవన్నీ తెలిసే ట్యూషన్ టీచర్ సులోచన ఆయన దగ్గరికి వస్తుంది. కానీ ఆ రోజు ఆమెకు ఓపిక లేదు. నాలుగింటికల్లా పుస్తకం ప్రెస్‌కు చేరాలి, తెల్లారి రెండు వందల మంది పిల్లలకు పంచాలి. పైగా పక్క కుర్చీలో ఎదురు ట్యూషన్ ప్రేమ్‌రాజ్. పోయినేడు ఆమె తొందరపడి వేరేచోట టైపు చేయించిన పుస్తకంలో తప్పు దొరికితే, గల్లీ గల్లీ తిరిగి చూపించిన మనిషి.

"అయిందా అన్నా?"

"అయింది మేడం. పన్నెండో లెక్కల ఒక ఈక్వల్‌టు జర ఎడమకు పోయింది."

"పోనియ్. ఎవరు చూస్తరు?"

"నేను చూసిన గద."

ప్రేమ్‌రాజ్ కిసుక్కున నవ్వాడు. "ఇగ అయినట్టే మేడం. చాయ్ చెప్పమంటరా?"

విఠల్‌రావు తెల్లకాగితం ముందుకు జరిపాడు. "గా లెక్క మల్లొకపారి రాసియ్యండి. చూసుకుంట సరిజేస్త."

"ఒక్క గుర్తు జరపనీకె లెక్కంత రాయాల్నా?"

"నాకు గట్లనే వస్తది మేడం. సొంతంగ నేర్చుకున్నోణ్ణి."

సులోచన పళ్లు నూరుతూ రాసింది. నాలుగో వరుసలో పెన్ను ఆగింది. మూడో వరుసలోని మైనస్‌ను, ముందు రాసిచ్చిన కాగితంలో ఇక్కడికొచ్చేసరికి ప్లస్ చేసేసింది తను. జవాబే తప్పు.

తలెత్తి తెర చూసింది. పన్నెండో లెక్కలో ఈక్వల్‌టులన్నీ దారం వెంట చీమల బారులా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ ఎడమకు పోలేదు.

విఠల్‌రావు ఆమె వైపు చూడకుండా కాగితం అందుకుని టకటకా కొట్టాడు. "ఇప్పుడు సీదా అయింది మేడం."

గోడ మీద గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ప్రేమ్‌రాజ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "నాది ఒక్క పట్టికనే గద అన్నా. జల్దీ ఇచ్చెయ్."

విఠల్‌రావు పట్టిక తెర మీదికి తెచ్చి, దారం సర్ది, మొహం చిట్లించాడు. "మూడో గీత పక్కకు పోయింది సార్. గా వరుస అంకెలు మల్లొకపారి రాసియ్యండి."

"గీత పోతే అంకెలెందుకయ్యా? ఇదేం లొల్లి?"

ప్రింటు తీసిన కాగితాల కట్ట చంకన పెట్టుకుని సులోచన గుమ్మం దగ్గర ఆగింది. పోయినేటి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, వెనక్కి వచ్చి, తన పెన్ను ప్రేమ్‌రాజ్ చేతిలో పెట్టింది.

"రాయండి సార్. గీతల కాడ ఆయన ఎవరి మాట వినడు. చాయ్ నేను చెప్త."