మా బావకు రాని పెన్షన్

“నీ కొలువుకేం గాదు, నేను జూసుకుంట” అని మా బావ భుజం మీద చెయ్యి వేసి మాట ఇచ్చిన ఎమ్మెల్యే ఇప్పటికీ కులాసాగానే ఉన్నాడు. ఆ మాట నమ్మిన మా బావ పోయిన వారం చనిపోయాడు. వాళ్ళ ఊరికే పోతూ తల్లాడలో బస్సు మారుతుండగా మేనల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. మిగతా దారంతా నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

మా బావ అటవీ శాఖలో గార్డు. అడవి అంచున చెక్‌పోస్టు దగ్గర ఆయన పని. రోడ్డుకు అడ్డంగా పొడవాటి వెదురు, దాని మొదట్లో బరువుకు కట్టిన రాయి. కొసన తాడు లాగి పట్టుకుంటే గేటు దిగుతుంది, వదిలితే లేస్తుంది. అక్కతో పాటు నన్నూ క్వార్టర్లో ఉంచుకుని, ఖమ్మంలో డిగ్రీ దాకా చదివించింది ఆ తాడు పట్టుకున్న చెయ్యే. నాకు చదువు పిచ్చి అని లారీ డ్రైవర్లతో పాత పత్రికలు తెప్పించేవాడు. “చదువు బామ్మర్ది. నువ్వన్నా ఎవనికీ సలాం కొట్టకుండ బతుకు” అనేవాడు.

ఒక సాయంత్రం టేకు దుంగల లారీ వచ్చింది. వెనకే ఎమ్మెల్యే జీపు. పర్మిట్ లేదు. బావ తాడు వదల్లేదు. ఎమ్మెల్యే జీపు దిగి వచ్చి ఆ మాట చెప్పాడు. బావ తాడు వదిలాడు.

లారీ ఆ పై ఊళ్ళోనే పట్టుబడింది. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. కోర్టులో బావ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇద్దరికీ శిక్ష పడింది, ఇద్దరూ జైలుకు పోయి వచ్చారు. అంతవరకు న్యాయమే. తర్వాత శాఖ మా బావను డిస్మిస్ చేసింది, పెన్షన్ పోయింది. ఎమ్మెల్యే మాజీ అయ్యాడు, మాజీలకు ఇచ్చే పెన్షన్ నెలనెలా తీసుకుంటున్నాడు.

చట్టాల పుస్తకాలు, దేశదేశాల చరిత్రలు చాలానే చదివాను. దొంగతనానికి జైలు చూసి వచ్చినవాణ్ణి ప్రజలు చచ్చేదాకా పోషించాలనడానికి కారణం ఎక్కడా దొరకలేదు. టీ కొట్టు దగ్గర పక్కింటాయనకు మాత్రం దొరికింది.

“అది ఎమ్మెల్యేగ చేసిన సేవకిస్తున్నరు సారూ. లారీ సంగతి వేరు.”

“మా బావ ఎండకూ వానకూ అడవి కాసింది సేవ కాదా?”

“గట్లని పెన్షన్ తీసేస్తే ఆయన ఇంటామె ఏం తినాలె?”

“మా అక్క ఏం తింటున్నదో ఎన్నడన్న అడిగినవా?”

ఆయన టీ సగం వదిలి లేచిపోయాడు.

బావ నాలాగా అరిచే మనిషి కాదు. “నా తప్పుకు నాది పోయింది, సరే. ఆయన తప్పుకు ఆయనది ఎందుకు పోలే? గింతే అడుగుత” అనేవాడు. ఎవరినీ అడగలేదు, నన్ను తప్ప.

కొలువు పోయాక ఇంటి ముందు అచ్చం అలాంటి వెదురు గేటే కట్టుకున్నాడు, రాయితో సహా. మేకలు రాకుండా అనేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా గేటు దించి ఆపేవాడు.

“సంచిల ఏంది బామ్మర్ది? పర్మిట్ ఉన్నదా?”

“పుస్తకాలు బావా.”

“గవైతే పో. గవి ఎవ్వడూ దొంగిలించడు.”

బావ పోయిన మూడో రోజు ఆ గేటు ముందు మాజీ ఎమ్మెల్యే కారు ఆగింది. హారన్ కొట్టారు. మేనల్లుడు పరుగున పోయి తాడు మీద చెయ్యి వేశాడు.

“ఉండు బిడ్డా. నడిచి రమ్మను” అన్నది అక్క, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

ఆయన దిగాడు. గేటు ఎత్తుతారేమోనని చూశాడు. చివరికి వెదురు కింద వంగి లోపలికి వచ్చాడు.

“ఫికర్ పడకు చెల్లె. నేను జూసుకుంట.”

“ఇన్నం అన్నా గా మాట. గేటెత్తి మరీ ఇన్నం.”

అక్క గేటు ఎత్తమని చెప్పలేదు. ఆయన మళ్ళీ వంగి బయటికి పోయాడు. తాడు వదిలినందుకు నేను మా బావను ఎన్నడూ తప్పుపట్టలేదు. తెల్ల చొక్కా వీపున వెదురు దుమ్ము అంటించుకుని కారెక్కిన ఆ మాజీ ఎమ్మెల్యేనే తప్పుపడుతున్నాను, ఇప్పటికీ.