నీకెవరు చెప్పినారు?

మా మేనత్త మూడు వారాల కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం కర్నూలులో ఆసుపత్రి మంచం మీద పోయింది. సాయంత్రానికల్లా మావాళ్లు డాక్టరును ఒక్క మాటా అడగకుండా కారణం తేల్చేశారు: షేర్లు. ఆ రోజు మార్కెట్ పడిందట, అది చూసి ఆమె గుండె ఆగిందట. "తాను చెడింది చాలక ఈ పిల్లను గూడా చెడగొట్టి పోయింది" అని మా చిన్నాయన ఆసుపత్రి వరండాలోనే నన్ను చూపించి అన్నాడు.

నేను డిగ్రీ కోసం వేంపల్లె నుంచి వచ్చి అత్త దగ్గర చేరి తొమ్మిదేళ్లు దాటింది. ఈ మధ్యలో రెండు ఉద్యోగాలు మానేశాను, మూడు సంబంధాలు వద్దన్నాను. మా ఇంట్లో వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు, "అత్త పోకడ". ఏ ఉద్యోగం ఎందుకు మానావని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడక్కుండానే అందరికీ తెలుసు. కోపం తగ్గాక రాయి అన్నారు స్నేహితులు. తగ్గేలా లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

అత్త చేనేత ఇంట్లో పుట్టింది. మగ్గం గుంటలో కూర్చోనని పరీక్ష రాసి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. అవి ఊరికీ ఊరికీ మధ్య ఫోను ఆపరేటరే కలిపే ట్రంకు కాల్ రోజులు. లైను కలవకపోతే ఒక్కో ఊరి ఎక్స్ఛేంజినే పిలుచుకుంటూ పోవాలి. డోన్ పలుకుతోందా? పలుకుతోంది. గుత్తి? పలకడం లేదు. అయితే తెగింది ఈ రెంటి మధ్యన. తరవాత యంత్రాలు వచ్చి ఆ పని పోయింది, ఆమెను బిల్లుల కౌంటరులో కూర్చోబెట్టారు, అక్కడే రిటైరయింది. అలవాటు మాత్రం వదల్లేదు. ఫోను ఎత్తి హలో అనేది కాదు, "చెప్పండి" అనేది. కొప్పులో పెన్సిలు గుచ్చుకునేది. ఎవరు ఏం చెప్పినా చివరిదాకా విని ఒకటే అడిగేది: "నీకెవరు చెప్పినారు?"

పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక మందుల అంగడి మీది అంతస్తులో ఉండే షేర్ల ఆఫీసుకు పోవడం మొదలుపెట్టింది. షేర్ల ధరలు కనబడే గోడ తెర ముందు ఒక పొడుగాటి బెంచీ. దాని మీద ఎరువుల అంగడాయన, రిటైరైన డ్రిల్లు మాస్టారు, లారీలు తిప్పే భాయ్, చివరన గోడవైపు అత్త. సంచి తగిలించుకోవడానికి ఆ గోడకు తానే సుత్తి తెచ్చి ఒక మేకు కొట్టుకుంది. అక్కడికి వచ్చే ఆడమనిషి ఆమె ఒక్కతే. మొదట్లో ఆఫీసువాళ్లు "సారు రాలేదా మేడం?" అని అడిగేవాళ్లట. "నేనే సారు" అనేదట అత్త.

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది, బ్రిటన్ యూరప్‌తో ఉండాలా బయటికి పోవాలా అని అక్కడివాళ్లు ఓట్లేసే వారంలో. బెంచీ మీద నలుగురి దగ్గరా ఒకే బ్యాంకు షేర్లు. ఆ బ్యాంకుకు లండన్‌లో కూడా శాఖ ఉంది. అదీ గొడవ.

"అమ్మేయండప్పా, లండన్ శాఖ మూసేస్తాండారంట," అన్నాడు ఎరువుల అంగడాయన. "వాళ్లు యూరప్ నుంచి బయటపడినారంటే మన దుడ్లు గంగలో కలిసినట్లే."

"నీకెవరు చెప్పినారు?" అంది అత్త.

"మన మాస్టారు."

"మాస్టారూ, మీకు?"

"భాయ్ చెప్పినాడక్కా. నిన్న సాయంత్రం."

భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నన్నెందుకు ఇరికిస్తారు? నాకు చెప్పింది ఈ ఎరువులాయనే కదా! నిన్న పొద్దున చాయ్ అంగడి కాడ!"

ఎరువుల అంగడాయన మొహం చూడాలి. "నేను చెప్పలేదు భాయ్! మూసేస్తారేమో అని నిన్ను అడిగినా!"

"లైను ఈ బెంచీ దాటి పోనే లేదప్పా," అంది అత్త. "లండన్ యాడ, ఈ బెంచీ యాడ? ఇంగ ఎవురన్నా అమ్మేదుంటే అమ్ముకోండి, ఎవురు చెప్పినారని అడిగితే మాత్రం నా పేరు చెప్పొద్దండి."

అందరూ నవ్వారు. ఎరువులాయన మాత్రం నవ్వుతూనే సగం అమ్మేశాడు. బయటికే పోతామని ఓట్లు తేలిన పొద్దున తెరంతా ఎర్రబడింది. ఆయన అత్త వైపు గెలిచినట్టు చూశాడు. అత్త కదల్లేదు. "పోతామన్నారు గానీ ఎట్ల పోయేదో వాళ్లకే తెలీదు. తెలీనిదాన్ని తెలీదని ఒప్పుకోని కూర్చునేది శానా కష్టం మే" అంది నాతో. తరవాత ఏళ్ల తరబడి వాళ్లు పోతామంటూనే వాయిదాలు వేసుకున్నారు. ప్రతి వాయిదాకూ మా బెంచీ రెండుగా చీలి అరుచుకునేది. భాయ్ అయితే విడాకులడిగి పుట్టింటికి పోకుండా వాకిట్లోనే కూర్చున్న కోడలితో పోల్చేవాడు ఆ దేశాన్ని.

అత్త ఎప్పుడూ సరిగ్గానే చెప్పేదని రాయను. రాస్తే ఆమే ఒప్పుకోదు. మేమంతా లండన్ వైపు చూస్తూ ఉండగా ఆ బ్యాంకు ఇక్కడే, మన దేశంలో ఇచ్చిన అప్పులు వసూలు కాక జారిపోయింది. అత్తకు బాగానే నష్టం వచ్చింది. ఆ రోజు ఉగ్గాని పొట్లం విప్పుతూ, "చెవి అటే పెట్టినా, ఇటు పెట్టలేదు. తప్పు నాదే" అంది. ఒకరి మీదికి తోయలేదు, ఆ మాట రెండోసారి ఎత్తలేదు. తప్పు నాదే అని మా ఇంట్లో ఇంకెవరి నోటా నేను వినలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఎనిమిది నెలలు వారానికి రెండుసార్లు నేను అత్తను ఆటోలో తీసుకుపోయింది షేర్ల ఆఫీసుకు కాదు, డయాలిసిస్‌కు. రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. చేతి మీది సూది గుర్తులు కనబడకుండా పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. సరిగ్గా ఆ వేళకే వేంపల్లె నుంచి అమ్మ ఫోను చేసేది. "యాడుండారే?" అంటే, "షేర్లాఫీసులో" అని మంచం మీది నుంచే అత్త అందించేది. నేను అదే అప్పజెప్పేదాన్ని. అవతల అమ్మ ఏమనేదో అత్తకు వినబడేది. కళ్లు మూసుకుని నవ్వేది.

"ఎందుకు చెప్పవత్తా?" అని ఒకరోజు గట్టిగా అడిగాను.

"చెప్తే వేంపల్లెకు తీసకపోయి మూల మంచంలో పండబెడతారు. నాతోపాటు నిన్నూ తీసకపోతారు. నేను పోయినాక చెప్పుకో. ఎవురు చెప్పినారంటే నా పేరు చెప్పు."

దినాల రోజు, వేంపల్లెలో మా ఇంటి ముందు పందిట్లో వడ్డిస్తున్నాను. మా పెద్దమ్మ విస్తరి ముందు నా చెయ్యి పట్టుకుంది. "షేర్లల్లో శానా పోయినాదంట గదమ్మా. అందుకే గుండె పగిలినాదంట."

"నీకెవరు చెప్పినారు పెద్దమ్మా?"

"మీ అమ్మే."

పప్పు గిన్నెతోనే అమ్మ దగ్గరికి పోయాను. "మీ నాయన" అంది. నాయన చిన్నాయన వైపు చూపించాడు.

"చిన్నాయనా, నీకెవరు చెప్పినారు?"

"ఎవురు చెప్పేదేముండాది?" అన్నాడు చిన్నాయన. "ఆసుపత్రిలో టీవీలో మార్కెట్ పడినాదని వచ్చినాది. అందుకేమో అన్నా. ఏమో అన్నా, అంతే!"

గిన్నె కింద పెట్టి మొత్తం చెప్పాను. కిడ్నీలు, ఎనిమిది నెలలు, పొడుగు చేతుల జాకెట్లు. పెద్దమ్మ ఏడ్చింది. చిన్నాయన మాత్రం, "మాకొక మాట చెప్పాల్సింది కాదా?" అన్నాడు కోపంగా. కోపం ఆయనకట!

"షేర్లు ఎట్లుండాయని వారం వారం అడిగినారు. ఒంట్లో ఎట్లుండాదని ఒక్కరోజన్నా అడిగినారా?"

నాయన మెల్లగా, "సరేలేమ్మా, అయిందేదో అయింది. ఆ కర్నూలు రూము ఖాళీ చేసి ఇంగ ఈడనే ఉండు" అన్నాడు.

పోయిన వారం సామాను సర్దుకోవాలనే సాకుతో కర్నూలు వచ్చాను. షేర్ల ఆఫీసు మెట్లెక్కి తలుపు దగ్గరే నిలబడ్డాను. తెర మీద అంకెలు మారుతున్నాయి. బెంచీ మీద ముగ్గురూ ఎప్పటి చోట్లలోనే ఉన్నారు. ఇరుగ్గా ఉన్నా గోడవైపుకు ఒక్కరూ జరగలేదు. మేకు ఖాళీగా ఉంది. నన్ను చూసి భాయ్ లేచి, భుజం మీది తువ్వాలుతో ఆ చోటు తుడిచాడు.

రూము ఖాళీ చేయడం లేదు. అద్దె కాగితం నా పేరుకు మార్పించాను. సోమవారం పొద్దున నా సంచి ఆ మేకుకు తగిలిస్తాను.