ఆయుధ పూజనాడు పోయిన ‘అ’

మా నాయన గొంతు సంగతి ముందు చెప్పాలి. మద్రాసు పక్కన మనలిలో ఒక కెమికల్ ప్లాంటులో షిఫ్టు పని ఆయనది. ఆ మోటార్ల హోరులో పక్కమనిషికి మాట వినపడాలంటే అరవాల్సిందే. ఇంటికొచ్చినా అదే గొంతు. చూలైలో మా వీధి మొదట్లో బస్సు దిగి "ఏమే, నీళ్ళు కాగినాయా?" అన్నాడంటే, వీధి చివర మాయమ్మ అప్పుడు పొయ్యి ముట్టించేది. నాకు చచ్చేంత సిగ్గేసేది. ఆయన ఇంకా మలుపు తిరక్కముందే నా స్నేహితులు "ఉంగప్పా వందుట్టారు", మీ నాయన వచ్చేశాడోయ్ అని పకపకా నవ్వేవాళ్ళు.

ఆ గొంతు పోయింది. గడ్డ లేచిందని ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మనిషి దక్కాడు, అదే పదివేలు అనుకున్నాం. కానీ ఆ తర్వాత ఇంట్లో పరుచుకున్న నిశ్శబ్దం ఉందే, అబ్బా, పగవాళ్ళకి కూడా వద్దు. కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడేవాళ్ళం.

అప్పుడు నేను టి. నగర్‌లో నగల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో ఉన్నాను. అది మానేసి, మా ఇంటికి రెండు వీధుల అవతల, బైండింగ్ షాపు మేడ మీద ఉన్న చిన్న కంపెనీలో చేరాను. మాట పోయినవాళ్ళ కోసం ఫోన్ యాప్ చేస్తారు వీళ్ళు. తెలుగులో గానీ తమిళంలో గానీ టైప్ చేస్తే అది పైకి పలుకుతుంది. యాప్ నాయన ఫోన్‌లో పెట్టిన రోజు ఆయన ఏదో గొప్ప మాట అంటాడని అందరం చుట్టూ నిలబడ్డాం. ఒక్క వేలితో పొడిచి పొడిచి టైప్ చేసి, సౌండ్ పూర్తిగా పెంచి నొక్కాడు. "కాఫీలో చక్కెర తక్కువ" అంది ఫోన్. మాయమ్మ ఏడవబోయి నవ్వేసింది.

నాకు మొదట్నుంచీ ఒక విషయం వింతగా ఉండేది. వేరే యాప్‌లు మా మాటని నత్తి నత్తిగా పలికేవి. "పోతా ఉండా", "యాడికి", "ఈడ పెట్టు" అని టైప్ చేస్తే వార్తలు చదివే మనిషి దారి తప్పి మా వీధికి వచ్చినట్టుండేది. మా యాప్ మాత్రం ఆ మాటల్ని మా పక్కింటావిడ పలికినట్టే సాగదీసి, ఎక్కడ నొక్కాలో ఆడ నొక్కి పలికేది. మా ఆఫీసులో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే. మరి దీనికి మా యాస నేర్పిందెవరు? అనుకునేదాన్ని, మళ్ళీ పన్లో పడి మరిచిపోయేదాన్ని.

అట్టా ఉండగా మా పాపకి అక్షరాభ్యాసం దగ్గరపడింది. మా ఇంట్లో విజయదశమి పొద్దున చేస్తారు. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల చేతికి పసుపు కొమ్మిచ్చి, ఇంటిపెద్ద "అ" అని పలికి రాయిస్తాడు. నాయనకి వాళ్ళ నాయన పలికాడు, నాకు నాయన పలికాడు. తరాలుగా మద్రాసులోనే ఉన్నా మా ఇంట్లో ఆ మొదటి ‘అ’ మాత్రం తెలుగులో, పెద్దాయన నోటే రావాలి. పాప బళ్ళో తమిళం, టీవీలో తమిళం, కలలో కూడా తమిళమే కలవరిస్తుంది. అందుకే నాయనకి అంత పట్టుదల.

పండగ వారంలోనే ఫోన్ తనంతట తాను అప్‌డేట్ అయ్యి, యాప్ మూగబోయింది. ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. "పోన్లెండి, నేను పలుకుతాలే" అని మాయమ్మ అంటే నాయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. "వేరే యాప్ పెడతా నాయనా" అన్నాను. పేపరు అంచున రాసి చూపించాడు: "ఆ గొంతు నాది కాదు." లోపం ఎక్కడుందో వెతికి సరిచేశాను. మా ఆఫీసులో మూల నుండే పెద్ద మిషన్‌లో పెట్టి కొత్త యాప్‌గా కూర్చడమే మిగిలింది. ఆయుధ పూజ పొద్దున ఆ పని కాస్తా చేసుకొచ్చేద్దామని పోయాను.

ఈడ మా పని గురించి కొంచెం చెప్పాలి. యాప్ మేం చేశాం అని చెప్పుకుంటాం గానీ, అందులో మేం రాసింది కొంచెమే. మిగతాదంతా ఎవరెవరో రాసి, ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టిన ముక్కలు. లైబ్రరీలంటాం వాటిని. ఒక లైబ్రరీ ఇంకోదాని మీద ఆధారపడుంటుంది, అది మరోదాని మీద. మా పెద్ద మిషన్ అవన్నీ తెచ్చి, మా కోడుతో కలిపి యాప్‌గా కూరుస్తుంది. ఒకసారి తెచ్చుకున్నదాన్ని తనలోనే దాచుకుని ప్రతిసారీ అదే వాడుతుంది. దాంతో ఆ ముక్కలు అసలు చోట ఇంకా ఉన్నాయా లేవా అని ఎవరం చూడం. పని జరుగుతా ఉంటే ఎవరు చూస్తారు?

నేను పొయ్యేసరికి ఆఫీసు తళతళా మెరిసిపోతా ఉంది. కీబోర్డులకి గంధం బొట్లు, ప్రింటర్‌కి కుంకుమ, పెద్ద మిషన్‌కి చామంతి దండ. మా సార్ తమిళాయన, భక్తి ఎక్కువ, మనసు మంచిది. దీపం పెట్టకముందే నా పని చేసుకుంటానని మిషన్ ముందు కూర్చున్నాను. నడిపించాను. కాసేపు తిరిగి ఆగిపోయింది. ఒక లైబ్రరీ దొరకలేదంది. తెలుగు రాతని పలికే ముక్కలుగా విడగొట్టే చిన్న లైబ్రరీ అది.

"సార్, ఇందులో దాచిపెట్టినవన్నీ ఏమైనాయి?" అన్నాను.

సార్ మొహం వెలిగిపోయింది. "పైన దుమ్ము తుడిస్తే చాలామ్మా? ఆయుధ పూజ కదా, లోపల కూడా శుభ్రం చేశాను. ఏళ్ళనాటి చెత్త, మొత్తం తుడిచేశాను!" అన్నాడు తమిళంలో.

నాకు ఒళ్ళు మండింది. "అది చెత్త కాదు సార్, మా నాయన నోట్లో మాట!" అని అరిచాను. అంత గొంతు నాకెక్కడిదో తెలీదు, మనలి గొంతే అనుకుంటా. ఆయన హారతి పళ్ళెం కింద పెట్టేశాడు. విషయం అర్థమయ్యాక పాపం నీరుగారిపోయాడు. కానీ అప్పటికే అయ్యరు వచ్చేశాడు, దీపం వెలిగింది, మిషన్ ఆపేశారు. పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు ముట్టుకోకూడదు, రేపు పొద్దున్నే మొదలుపెట్టాలి. ఈ ఒక్కదాంట్లో మాత్రం సార్ మెట్టు దిగలేదు. చేతిలో సుండల్, అదే గుగ్గిళ్ళ పొట్లం పెట్టి పంపించారు.

మెట్ల మీదే కూర్చుని ఫోన్‌లో వెతికాను. లైబ్రరీ ఉండాల్సిన చోట ఏమీ లేదు. రాసిన మనిషి పేరు లేదు, పొడి అక్షరాలు రెండు తప్ప. ఎవరబ్బా వీళ్ళు? ఎక్కడివాళ్ళు? ఎందుకు తీసేసినట్టు? పాత వెబ్ పేజీలని భద్రం చేసే చోటొకటి ఉంది, అందులో తవ్వితే ఆ లైబ్రరీ పరిచయం పేజీ ఒక్కటి దొరికింది. కోడు లేదు గానీ, ఎట్టా వాడాలో చెప్పే ఉదాహరణ ఉంది. ఉదాహరణకి ఎవరైనా "రాముడు మంచి బాలుడు" అని రాస్తారు. ఆడ ఉన్న వాక్యం ఇది: "ఈడికి రామ్మా. అన్నం తిని పో."

ఓర్నీ! అని గట్టిగా అనేశాను. కింద బైండింగ్ షాపులో వాళ్ళు తలెత్తి చూశారు. దీనికి మా యాస ఎవరు నేర్పారని ఇన్నాళ్ళూ అనుకున్నానే, మనోళ్ళే! ఆ పేజీ అడుగున ఒక ఈమెయిల్ అడ్రసు ఉంటే, సంగతంతా నాలుగు ముక్కల్లో రాసి, నా ఫోన్ నంబరు ఇచ్చి పంపించాను. చూస్తారన్న ఆశ పెద్దగా లేదు.

ఇంటికి పోయి మాయమ్మకి చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను. ఆమె పాలు తోడు పెడతా విన్నది. మా ఇంటి తోడు ఎదురింటి నుంచి వచ్చింది, వాళ్ళకి వాళ్ళ అత్తగారింటి నుంచి, ఆమెకి ఎక్కడి నుంచో. మీ పని కూడా ఇట్టాంటిదేనా అంది. అట్లాంటిదే అన్నాను.

"మరి నేను అన్నంలోకి పెరుగు వెయ్యకముందే ఒక గరిటె తీసి పక్కన పెడతా గదా. మీరట్టా పెట్టుకోరా?"

"మిషన్‌లో ఉంటుందిలే అనుకున్నామమ్మా."

"బాగానే ఉండాది మీ సంబడం" అంది, గిన్నె మీద మూత పెడతా.

నాయన అవతలి గదిలో మంచం మీద కూర్చుని మా ఇద్దర్నీ చూస్తా ఉన్నాడు. రేపటి సంగతి ఏమైందని చేత్తో అడిగాడు. నేను ఏదో అనబోయాను. అప్పుడు మోగింది నా ఫోన్. తెలియని నంబరు. ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోయాను.

"అక్కా, ఆ మెయిలు మీరేనా పెట్టింది?" ఆడపిల్ల గొంతు. "నిజంగానా? నిజంగానే ఎవురన్నా వాడతా ఉండారా దాన్ని?"

గూడూరు దగ్గర పల్లెటూరు ఆ అమ్మాయిది, ఇప్పుడు బెంగుళూరులో ఒక్కతే ఉండి ఉద్యోగం. వాళ్ళవ్వకి చదువు రాదు. అవ్వకి పేపరు చదివి వినిపించడానికని కాలేజీలో ఉండగా రాసిందంట. పట్నం తెలుగులో చదివితే అవ్వ "ఇదేం బాసే?" అని లేచిపోయేదంట. అందుకే మనోళ్ళ మాట పలికేదాకా వదల్లేదు.

"ఆ అన్నం తినమనే మాట?" అని అడిగాను. ఆగలేకపోయాను.

"మా అవ్వదే అక్కా. నేను బడి నుంచి వస్తే వాకిట్లోనే ఆ మాట. ఇప్పుడు అవ్వ లేదు. ఆ మాట అనేవోళ్ళు కూడా లేరు." అంది. "పోయిన ఏడు ఆయుధ పూజకి లాప్‌టాప్ తుడిచి బొట్టు పెట్టి, అట్నే నా పేజీలు కూడా దులిపేసినా. అవ్వ లేనిదానికి ఇది ఎవురికిలే అనుకున్నా."

నేను నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాను. ఆడ ఆమె దులిపేసింది, ఈడ మా సార్ దులిపేశాడు. ఆమె దులిపి ఏడాదైంది. అంటే ఏడాదిగా అసలు లేనిదాని మీద ఆనుకుని కూర్చున్నాం మేం, నిశ్చింతగా. సార్ తుడవకపోతే ఇంకా ఎన్నాళ్ళు అట్టాగే ఉండేవాళ్ళమో.

"నా దగ్గర ఉండాది అక్కా, ఇప్పుడే మళ్ళీ పెట్టేస్తా. కానీ ఒక్కటి అడగనా?" అంది. "దాన్ని ఎవురన్నా వాడంగా నేనెప్పుడూ వినలా. రేపు తాత ‘అ’ చెప్పేటప్పుడు నాకు ఫోన్ చేస్తారా?"

విజయదశమి పొద్దున నేను పొయ్యేసరికి నాకంటే ముందే సార్ వచ్చి వీధిలో గుమ్మడికాయ కొట్టేసి ఉన్నాడు. పెద్ద మిషన్‌కి అటొకటి ఇటొకటి నిమ్మకాయలు పెట్టాడు, లారీకి పెట్టినట్టు. నన్ను చూసి కుర్చీ జరిపాడు. నడిపించాను. తిరిగింది, తిరిగింది, లైబ్రరీ దొరికింది, యాప్ తయారైంది. "మురుగా" అని సార్ కళ్ళు తుడుచుకున్నాడు. ముందు ఆ లైబ్రరీకి ఒక కాపీ తీసి వేరే చోట భద్రంగా పెట్టాను, తర్వాతే ఇంటికి పరిగెత్తాను.

అందరూ పళ్ళెం చుట్టూ కూర్చుని ఉన్నారు. నాయన మెడకి కొత్త తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ఆయన ఫోన్‌లో యాప్ పెట్టి చేతికిచ్చాను. నా ఫోన్‌లో ఆ అమ్మాయికి కలిపి, స్పీకర్ పెట్టి బియ్యం పక్కన ఉంచాను. ఆ వాక్యం సంగతి, అవ్వ సంగతి నాయనకి నేను చెప్పలేదు, రేపు పలుకుతుందిలే అని మాత్రం రాత్రి అన్నాను.

నాయన పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. సౌండ్ పూర్తిగా పెంచాడు. నొక్కాడు.

"అ" అంది ఫోన్, వీధి చివరికి వినపడేట్టు. దాంతో పాటు నాయన నోరు కూడా తెరుచుకుంది. పాప ఫోన్ వైపు చూడనే లేదు, తాత నోటి వైపే చూసింది. "అ!" అని తాతకంటే గట్టిగా అరిచింది. నాయన దాని వేలు పట్టుకుని బియ్యంలో రాయించాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నేను తల పక్కకి తిప్పుకున్నాను.

అప్పుడు స్పీకర్‌లోంచి "ఇంకోసారి చెప్పించండక్కా" అని వినపడింది.

ఎవరది అన్నట్టు నాయన నా వైపు చూశాడు. "నీ మాట రాసిన పిల్ల నాయనా. గూడూరు దగ్గరమ్మాయి, బెంగుళూరులో ఒక్కతే ఉంటుంది" అన్నాను.

నాయన తల ఊపాడు. మళ్ళీ ‘అ’ నొక్కుతాడనుకున్నాం. నొక్కలేదు. ఒక్క వేలితో పొడిచి పొడిచి టైప్ చెయ్యడం మొదలుపెట్టాడు. అందరం ఊపిరి బిగబట్టి చూస్తా కూర్చున్నాం. ఆయన ఎప్పుడూ అంతే, తొందరపడడు. అయ్యాక ఫోన్ ఎత్తి నా ఫోన్ దగ్గరగా పెట్టి నొక్కాడు.

"ఈడికి రామ్మా. అన్నం తిని పో."

లైను తెగిందేమోనని నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. తెగలేదు.

"వస్తా తాతా" అంది ఆ పిల్ల.